ముందు ఆడచేపని చూపించమనండి

ఈ శీర్షిక మొదలైన దగ్గర్నుంచి నా ఫోన్‌కి ఎక్కువగా వచ్చే ఫోటో ఏదంటే, గప్పీ మగచేపది. వెనక నల్లటి బ్యాక్‌గ్రౌండ్, పైన ఎర్ర లైటు, విసనకర్రలా విప్పిన తోక. కింద ఒకటే ప్రశ్న: "అన్నా, ఇది ప్యూరేనా? జత 800 చెబుతున్నాడు, తీసుకోవచ్చా?"

నిజం చెప్పాలంటే, ఆ ఒక్క ఫోటో చూసి జవాబు చెప్పగలిగేవాళ్లు ఎవరూ లేరు. నేనూ కాదు, ఇరవయ్యేళ్లుగా గప్పీలు పెంచుతున్న పెద్దాయనా కాదు. చేపని చూసి "ఇది ప్యూర్ కాదు" అని కొన్నిసార్లు చెప్పొచ్చు. "ప్యూరే" అని మాత్రం చూపుతో చెప్పలేం. ఆ మాట అనాలంటే దాని పిల్లల్ని, వీలైతే ఆ పిల్లల పిల్లల్ని కూడా చూడాలి. ఫోటోలో అవి ఉండవు కదా.

800 పెట్టి జత కొని, నాలుగు నెలలు పెంచి, పిల్లల్ని అమ్ముకుని ఖర్చు రాబట్టుకుందామనుకునే కాలేజీ కుర్రాళ్లు చాలామంది ఉన్నారు. మూడో నెలలో పిల్లలకి రంగులు తేలాక చూస్తే ఒకడు ఎరుపు, ఒకడు బూడిద, ఒకడికి తోకే లేదు. అప్పటికే నలుగురికి "ప్యూర్ ఫుల్ రెడ్ పిల్లలు" అని చెప్పి అడ్వాన్స్ తీసుకుని ఉంటారు. అందుకే ఈ వారం మొత్తం దీనికే.

హైబ్రిడ్ అంటే పొగడ్తా, తిట్టా?

ముందు మాటల దగ్గర తేల్చుకోవాలి. మన దగ్గర అమ్మకాల్లో 'హైబ్రిడ్ గప్పీ' అన్నది పొగడ్త. పెద్ద తోక, మెరిసే రంగు ఉంటే హైబ్రిడ్. దోమల కోసం కుంటల్లో వదిలే సన్నటి గప్పీ అయితే నాటు. విత్తనాల షాపు నుంచి, కోళ్ల ఫారం నుంచి వచ్చిన అలవాటు అనుకుంటా. పెంపకందారుల భాషలో మాత్రం ఇది సరిగ్గా తలకిందులు. వాళ్లకి ఖరీదైనది 'స్ట్రెయిన్', అంటే తరాల తరబడి ఒకే పోలికతో పుడుతున్న లైను. రెండు స్ట్రెయిన్లు కలిస్తే పుట్టేది 'క్రాస్'. ఏది దేనితో కలిసిందో ఎవరికీ తెలియకపోతే 'మిక్స్‌డ్'. అసలు హైబ్రిడ్ అనే మాటని గప్పీ, ఎండ్లర్ అనే రెండు వేరు జాతుల కలయికకి దాచి పెట్టుకుంటారు. దాని గురించి తర్వాత చెబుతా.

కాబట్టి అమ్మేవాడు 'హైబ్రిడ్' అంటే కంగారు పడొద్దు, సంబరపడొద్దు. "ఏ స్ట్రెయిన్? నీ దగ్గర ఎన్ని తరాల నుంచి ఉంది?" అని అడగండి. సగం మంది దగ్గర సంభాషణ అక్కడే ఆగిపోతుంది.

ఇంకో సంగతి. ఫుల్ రెడ్, మాస్కో బ్లూ, కోబ్రా, టక్సీడో, ఇవన్నీ ఒకే జాతి చేప. పోసిలియా రెటిక్యులేటా. వెనెజువెలాలోని కరాకస్ దగ్గర దొరికిన చేపల్ని చూసి 1859లో విల్‌హెల్మ్ పీటర్స్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఈ జాతిని వర్ణించాడు. తర్వాత ట్రినిడాడ్ నుంచి రాబర్ట్ జాన్ లెచ్‌మియర్ గప్పీ అనే ఆయన బ్రిటిష్ మ్యూజియానికి కొన్ని చేపలు పంపితే, అక్కడి గుంథర్ 1866లో ఇది కొత్త జాతి అనుకుని గప్పీ పేరు పెట్టేశాడు. శాస్త్రంలో ఆ పేరు నిలబడలేదు, మన నోళ్లలో నిలబడింది. వాగుల్లో తిరిగే ఆ చేప మగది మూడు సెంటీమీటర్లకి కాస్త అటూ ఇటూ ఉంటుంది, ఒంటి మీద నాలుగు రంగు చుక్కలు, చిన్న తోక. ఫుల్ రెడ్‌కి ప్రకృతిలో ఊరు లేదు. మనుషులు ట్యాంకుల్లో ఎంచి ఎంచి తయారుచేసినదే.

మరి మనిషి చేసిన దాంట్లో 'ప్యూర్' ఏంటి? ఇక్కడ ప్యూర్ అంటే ఒకటే అర్థం: తల్లిదండ్రుల్లాగే పిల్లలు, వాళ్లలాగే వాళ్ల పిల్లలు. పొలం ఉన్న ఇళ్లవాళ్లకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. హైబ్రిడ్ టమాటా మొదటి పంట అంతా ఒకే సైజులో, ఒకే ఎరుపులో వస్తుంది. ఆ కాయల్లోంచి విత్తనం తీసి మళ్లీ వేసి చూడండి, చెట్టుకో రకం. అందుకే రైతు ఏటా కొత్త ప్యాకెట్ కొంటాడు. బంగినపల్లి టెంక పాతితే బంగినపల్లి వస్తుందన్న గ్యారంటీ లేదు కాబట్టి అంటు కడతాం. చేపకి అంటు కట్టలేం. గప్పీలో ప్రతి తరం టెంక పాతినట్టే.

తండ్రి పోలిక చేసే మోసం

ఎక్కువమంది పడిపోయేది ఇక్కడే. కొన్న జత పిల్లలు పెట్టింది, కొడుకులందరూ అచ్చం తండ్రిలా ఉన్నారు. "చూశారా, ప్యూరే!" అని స్టేటస్ పెట్టేస్తారు.

గప్పీలో మనలాగే మగదానికి X, Y, ఆడదానికి రెండు X క్రోమోజోములు. మగచేప రంగుల్లో చాలా వాటి జీన్లు Y మీద కూర్చుని ఉంటాయి. అంటే తండ్రి నుంచి కొడుకుకి నేరుగా పోతాయి, తల్లి ఎవరైనా సరే. ఈ సంగతి తెలిసి వందేళ్లు దాటింది. 1920లో కోపెన్‌హేగన్‌లోని కార్ల్స్‌బర్గ్ లాబొరేటరీలో యోహానెస్ ష్మిట్ అనే ఆయన గప్పీ వీపు రెక్క మీది నల్లచుక్క తండ్రి నుంచి కొడుకులకే వెళ్తోందని చూపించాడు. Y మీద నడిచే వారసత్వానికి లోకంలో దొరికిన తొలి రుజువుల్లో అదొకటి. ఆ తర్వాత అదే ఊళ్లో ఓవింద్ వింగె ఈ పని చాలా ముందుకి తీసుకెళ్లాడు. అన్నట్టు కార్ల్స్‌బర్గ్ అంటే మీరనుకుంటున్న బీరు కంపెనీయే. దాని ల్యాబే అది.

ఇప్పుడు దీన్ని మన ట్యాంకులోకి తెచ్చుకోండి. కోబ్రా, అంటే ఒంటి మీద పాము చర్మంలాంటి చారలున్న రకం. ఎక్కువ లైన్లలో ఆ డిజైన్ Y మీదే ఉంటుంది. మాస్కో రంగు కూడా అంతే. మంచి కోబ్రా మగచేపని తెచ్చి 20 రూపాయల మిక్స్‌డ్ ఆడచేపతో కలిపినా, దాదాపు కొడుకులందరి ఒంటి మీదా ఆ చారలు వచ్చేస్తాయి. చూడ్డానికి నాన్నే. కానీ తోక ఆకారం, తోక రంగు, రెక్కల పొడవు ఒక్క జీన్ పని కాదు. అందులో సగం వాటా తల్లిది. పైగా కొడుకుకి ఉన్న ఒక్కగానొక్క X తల్లి ఇచ్చిందే. అందుకే ఒళ్లు నాన్నది, తోక మాత్రం ఎవరిదో అన్నట్టు తయారవుతాయి.

ఇంకా చిక్కేంటంటే ఆడచేప ఈ రంగుల్ని మోస్తుంది గానీ బయటపెట్టదు. చాలా రంగులు కనబడాలంటే మగ హార్మోన్ కావాలి. సాదాగా, బూడిద రంగులో ఉన్న ఆడచేప లోపల ఏముందో పైకి తెలియదు. ఈ హార్మోన్ కిటుకు వ్యాపారంలో కూడా వాడతారు. చిన్నపిల్లలకి హార్మోన్ కలిపిన మేత పెడితే వయసుకి ముందే రంగొస్తుంది, అమ్ముడుపోతాయి. తర్వాత వాటిలో కొన్ని పిల్లలే పెట్టవు. నెల పిల్ల పెద్దచేపలా మెరిసిపోతుంటే నాకైతే అనుమానమే.

అయినా ఆడచేప పూర్తిగా మౌనంగా ఏం ఉండదు. అందుకే షాపులో మగచేపని రెండు నిమిషాలు చూస్తే ఆడచేపని పది నిమిషాలు చూడమంటాను. మంచి ఫుల్ రెడ్ లైన్‌లో ఆడదాని తోకలో కూడా ఎరుపు ఉంటుంది. టక్సీడో, అంటే హాఫ్ బ్లాక్ లైన్లలో ఆడదాని ఒంటి వెనక సగం కూడా మసిపూసినట్టు నల్లగా కనిపిస్తుంది. మాస్కో ఆడవాటి తోకల్లో చాలాసార్లు ముదురు నీడ ఉంటుంది. కోబ్రా ఆడవి ఒంటి మీద సాదాగానే ఉంటాయి గానీ తోకలో ఏదో ఒక డిజైన్ కనబడుతుంది. మెరిసే ఎర్ర మగచేప పక్కన గాజులా తెల్లతోక ఉన్న ఆడచేపని పెట్టి 'ఫుల్ రెడ్ జత' అంటే అది జత కాదు, ఎక్కడివో రెండు చేపలు.

ఒక్కదాన్నే కాదు, అక్కాచెల్లెళ్లని కూడా చూపించమనండి. నిజంగా లైను నడుపుతున్నవాళ్ల టబ్బులో ఆడవన్నీ ఒకదానికొకటి పోలికగా ఉంటాయి. ఒకదానికి పసుపు తోక, ఒకదానికి చుక్కల తోక, ఒకదానికి ఏమీ లేదు అంటే అక్కడ లైను లేదు.

చచ్చిపోయిన మగచేప పిల్లలు

గప్పీ ఆడచేప ఒక్కసారి కలిస్తే చాలు, ఆ వీర్యాన్ని నెలల తరబడి ఒంట్లో దాచుకుని నెలకోసారి పిల్లలు పెడుతూ ఉంటుంది. ట్రినిడాడ్ వాగుల్లో గప్పీలని పట్టి, గుర్తులు వేసి, జీన్ల ద్వారా తండ్రులెవరో తేల్చిన శాస్త్రవేత్తలు 2013లో ఒక విషయం ప్రచురించారు: మగచేప చచ్చిపోయాక పది నెలల దాకా కూడా దానికి పిల్లలు పుడుతూనే ఉన్నారట.

దీన్నిబట్టి షాపులో కొన్న ఆడచేప గురించి ఆలోచించండి. చెన్నైలోని కొళత్తూరు లాంటి చోట్ల నుంచి బ్యాగుల్లో వచ్చిన చేపలు మన ఊరి షాపులో ఒకే టబ్బులో పడతాయి. అక్కడ ఆ రెండు రోజుల్లో ఏ మగచేప పక్కన తిరిగిందో ఎవరికి తెలుసు? మీరు ఇంటికి తెచ్చి ఎంత మంచి మగచేపతో కలిపినా, మొదటి రెండు మూడు కాన్పులు ఎవరివో చెప్పలేం. ఆ పిల్లల్ని చూసి మీ మగచేపని మెచ్చుకోవద్దు, తిట్టొద్దు.

విజయవాడ నుంచి ఒక పాఠకుడు రాశారు. ఆల్బినో ఫుల్ రెడ్ జత కొన్నారు, 34 పిల్లలు పుట్టాయి, అందులో 11 నల్ల కళ్లతో పుట్టాయి. "ఇది మామూలేనా?" అని అడిగారు. మామూలు కాదు. ఆల్బినో అన్నది అణిగి ఉండే లక్షణం, రిసెసివ్ అంటారు. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, రెండు కాపీలూ వస్తేనే ఎర్రకళ్లు. తల్లి, తండ్రి ఇద్దరూ ఒకే రకం ఆల్బినోలు అయితే పిల్లలన్నీ ఎర్రకళ్లతోనే పుట్టాలి. నల్లకళ్ల పిల్ల ఒక్కటి కనబడినా మూడో చేప చెయ్యి ఉందన్నమాట. ఈయన విషయంలో 23 ఆల్బినోలు, 11 మామూలువి కాబట్టి ఆడచేప ఈయన ఇంటికి రాకముందే బూడిద రంగు మగచేపని కూడా కలిసి ఉంటుంది. ఒకే కాన్పులో ఇద్దరు తండ్రుల పిల్లలు ఉండటం గప్పీల్లో వింతేమీ కాదు. ఆయనకి నేను చెప్పింది: ఆ 11 పక్కన తీసెయ్యండి. మిగతా 23 ఆల్బినోలే గానీ అవి ప్యూర్ ఫుల్ రెడ్ అని అప్పుడే అనొద్దు. నల్లకళ్ల మగచేప కూడా లోపల ఆల్బినో జీన్ మోస్తూ ఉంటే దానికీ ఎర్రకళ్ల పిల్లలు పుడతాయి.

ఇక్కడే ఇంకో పొరపాటు మాట వినిపిస్తుంది, "ఆల్బినో కాబట్టి ప్యూర్" అని. ఎర్రకళ్లు ఆ ఒక్క జీన్ గురించి మాత్రమే చెబుతాయి. తోక గురించి, ఎరుపు గురించి ఏమీ చెప్పవు. ఇంకా సరదా ఏంటంటే ఆల్బినోని, 'బ్లాండ్' అనే పసుపు ఒంటి రకాన్ని కలిపితే పిల్లలన్నీ మామూలు బూడిద రంగులో పుడతాయి. రెండు లేత రంగులు కలిస్తే ముదురు. ఎందుకంటే అవి రెండు వేరు వేరు జీన్లు, ఒకదాని లోటు ఇంకోటి పూడ్చేస్తుంది.

మరి తేల్చుకునేదెలా?

రెండు తరాలు. దగ్గర దారి లేదు.

పుట్టిన పిల్లల్ని మూడు నాలుగు వారాల్లోపే మగ, ఆడ విడదీయాలి. ఆడపిల్లకి పొట్ట వెనక, మలద్వారం దగ్గర నల్లటి నీడలాంటి మచ్చ కనబడుతుంది. మగదానికి కింది రెక్క విసనకర్రలా కాకుండా సన్నగా, పుల్లలా అవుతుంది. ఫోన్ కెమెరాలో జూమ్ చేస్తే తేలిగ్గా తెలుస్తుంది, భూతద్దం అక్కర్లేదు. అనుమానం ఉన్నదాన్ని మూడో డబ్బాలో వేయండి, వారం ఆగితే అదే తెలుస్తుంది. ఆలస్యం చేస్తే మాత్రం ముందుగా ఎదిగిన ఒక్క మగపిల్ల మొత్తం లెక్క పాడుచేస్తుంది. పెద్ద సెటప్ కూడా ఏమీ అవసరం లేదు. మూడు ప్లాస్టిక్ టబ్బులు, స్పాంజ్ ఫిల్టర్లు చాలు. మన దగ్గర చాలాచోట్ల బోరు నీళ్లు కాస్త కఠినంగా ఉంటాయి, గప్పీకి అవి బాగానే పడతాయి.

మూడు నాలుగు నెలలకి అన్నాచెల్లెళ్లని కలపండి. మనుషుల్లో పాపం గానీ చేపల పెంపకంలో ఇదే పరీక్ష. రెండు స్ట్రెయిన్లు కలిపి పుట్టిన మొదటి తరం అంటే F1, హైబ్రిడ్ టమాటా మొదటి పంట లాంటిది. బలంగా, పెద్దగా, చాలాసార్లు అన్నీ ఒకేలా ఉంటాయి. అమ్మేవాడికి ఇవంటే పండగ. అసలు రంగు రెండో తరంలో బయటపడుతుంది. తాతమ్మల నుంచి దాక్కుని వచ్చిన జీన్లన్నీ అప్పుడు చీట్ల పేకలా పంచుకుంటాయి. రెండో తరంలో కూడా కొడుకులు ఒకేలా, కూతుళ్లు ఒకేలా ఉంటే అప్పుడు "ఈ లైను నిలబడుతోంది" అనొచ్చు. మొత్తం ఏడెనిమిది నెలలు పడుతుంది.

ఎన్ని పిల్లల్ని చూడాలి? తల్లి, తండ్రి ఇద్దరూ దాచిన రిసెసివ్ జీన్ ఒకటి మోస్తున్నారనుకోండి. ప్రతి పిల్లలో అది బయటపడే అవకాశం నాలుగింట ఒకటి. 8 పిల్లల్నే చూస్తే, ఒక్కదాంట్లోనూ కనబడకుండా తప్పించుకునే అవకాశం ఇంకా 10 శాతం ఉంటుంది. 16 చూస్తే అది 1 శాతానికి పడిపోతుంది. కాబట్టి నాలుగు పిల్లల్ని చూసి తీర్పు చెప్పొద్దు. ఒక్క జతతో కూడా ఆగొద్దు. దాచిన జీన్ అసలు జతలో ఒక్కదానికే ఉంటే, పిల్లల్లో సగానికే అది వెళ్తుంది. మీరు కలిపిన అన్నాచెల్లెళ్లు ఇద్దరికీ అది ఉండకపోవచ్చు. రెండు మూడు జతలు కలిపితే బెటర్.

రాసుకోవడం మర్చిపోవద్దు. పుట్టిన తేదీ, తల్లి ఎవరు, తండ్రి ఎవరు, ఎన్ని, ఎన్ని తీసేశారు. ఫోన్‌లోనే ఒక ఆల్బమ్ పెట్టుకుని ప్రతి నెలా అదే తెల్ల లైటు కింద, ఎడమ వైపు నుంచే ఫోటో తీయండి. ఆరు నెలల తర్వాత మీ జ్ఞాపకం కన్నా ఆ ఆల్బమ్ నమ్మకంగా మాట్లాడుతుంది. అమ్మేటప్పుడు కొనేవాడికి చూపించడానికీ అదే.

ఎండ్లర్ దగ్గర లెక్క మారుతుంది

ఇంతవరకు చెప్పింది స్ట్రెయిన్ల సంగతి. ఎండ్లర్ అనే చిన్నచేప విషయంలో మాత్రం పిల్లల్ని చూసినా తేలదు.

ఈ చేపని 1937లో ఫ్రాంక్లిన్ బాండ్ అనే ఆయన వెనెజువెలాలో పట్టాడు. తర్వాత అందరూ మర్చిపోయారు. 1975లో జాన్ ఎండ్లర్ అనే జీవశాస్త్రవేత్తకి కుమనా పట్టణం దగ్గర లగునా దె పాతోస్ అనే మడుగులో మళ్లీ దొరికింది. 2005లో దీన్ని వేరే జాతిగా గుర్తించి పోసిలియా వింగెయి అని పేరు పెట్టారు. ఇందాక చెప్పిన వింగె గౌరవార్థమే. అసలిది వేరే జాతేనా, గప్పీలో ఒక రకమా అని వాదించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఎందుకంటే గప్పీతో కలిస్తే పిల్లలు పుడతాయి, ఆ పిల్లలకీ పిల్లలు పుడతాయి. కంచరగాడిదలా అక్కడితో ఆగదు. ఒకే ట్యాంకులో ఈ రెండూ వేస్తే కొన్ని నెలల్లో మీ దగ్గర గప్పీ ఉండదు, ఎండ్లర్ ఉండదు, మధ్యలో ఏదో ఉంటుంది.

చూసి 'కాదు' అనడానికి గుర్తులున్నాయి. ఎండ్లర్ మగది రెండున్నర సెంటీమీటర్లకి కాస్త అటూ ఇటూ, ఒంటి మీద నియాన్ పచ్చ, నారింజ, నల్ల మచ్చలు, చిన్న తోకకి పైనా కిందా కత్తి అంచుల్లాంటి గీతలు. పెద్ద త్రికోణం తోక ఉంటే అందులో గప్పీ రక్తం ఉన్నట్టే. కోబ్రా చారలున్న 'ఎండ్లర్' కూడా అంతే. ఆడదాని తోకలో రంగు గానీ చుక్కలు గానీ కనిపిస్తే కూడా అనుమానించాలి, అసలు ఎండ్లర్ ఆడది సాదాగా ఉంటుంది.

ఈ గుర్తులేవీ లేకపోయినా 'అవును' అనలేం. హైబ్రిడ్ పిల్లల్లోంచి ఎండ్లర్‌లా ఉన్నవాటినే ఎంచుతూ పోతే పదో తరానికి అన్నీ అచ్చం ఎండ్లర్‌లాగే, ఒకేలా పుడతాయి. స్ట్రెయిన్ పరీక్ష పాసవుతాయి. అయినా లోపల గప్పీ ఉంటుంది. అందుకే ఎండ్లర్ పెంచేవాళ్లు మూడు తరగతులు పెట్టుకున్నారు. ఏ మడుగు నుంచి, ఎవరి చేతుల మీదుగా వచ్చిందో తెగకుండా రికార్డు ఉంటే N. చూడ్డానికి ఎండ్లరే, కాగితం లేదు అంటే P. హైబ్రిడ్ అని తెలిసిందే అయితే K. P నుంచి N కి ఎదగడం అంటూ ఉండదు. మన షాపుల్లో 'ఎండ్లర్ గప్పీ' అని అమ్మేవాటి వెంట కాగితం రావడం నేనైతే చూడలేదు. అంటే మహా అయితే P. అందంగానే ఉంటాయి, పెంచుకోండి, N అని చెప్పి అమ్మొద్దు అంతే. ఎవరి దగ్గరైనా నిజంగా రికార్డున్న N చేపలు ఉంటే వాటి పక్క ట్యాంకులో గప్పీని పెట్టడానికి కూడా నేను ఒప్పుకోను. ఒక్క చేప ఎగిరి పడితే చాలు, 1975 నుంచి సాగిన లైను మీ గదిలో ముగిసిపోతుంది.

ప్యూర్ అయితే గొప్పా?

నా అభిప్రాయం అడిగితే, అన్నివేళలా కాదు. అన్నాచెల్లెళ్లనే తరాల పాటు కలుపుతూ పోతే వెన్ను వంకర పిల్లలు, చిన్న కాన్పులు, చిన్న జబ్బుకే పోయే చేపలు వస్తాయి. అందుకే తెలిసినవాళ్లు ఒకే స్ట్రెయిన్‌ని రెండు మూడు కుటుంబాలుగా విడగొట్టి నడుపుతారు, నాలుగైదు తరాలకోసారి ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి తెస్తారు. అవసరమైతే బయటి రక్తం కూడా కలుపుతారు. కలిపి, రాసుకుని, మళ్లీ ఎంచుకుంటూ వస్తారు. క్రాస్ చేయడం తప్పేం కాదు, కొత్త స్ట్రెయిన్లు పుట్టేదే అలా. క్రాస్ చేసి 'ప్యూర్' అని అమ్మడమే గొడవ. 'F1 క్రాస్, తల్లి ఇది, తండ్రి ఇది' అని రాస్తే కొనేవాడు కూడా సంతోషంగా కొంటాడు, ప్రయోగం చేసుకుంటాడు.

'ఇంపోర్టెడ్' అన్న మాటకి కూడా పడిపోవద్దు. థాయ్‌లాండ్ నుంచో సింగపూర్ నుంచో రావడం ఆ చేప ఎక్కడ పెరిగిందో చెబుతుంది. పిల్లలు ఎలా పుడతాయో చెప్పదు. దూరం నుంచి ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు ఫోటో కాకుండా మొత్తం టబ్బు వీడియో అడగండి. తెల్ల లైటు కింద, మగవీ ఆడవీ పిల్లలూ అన్నీ కనబడేలా. "లైటు లేదు అన్నా" అంటే పగటిపూట తీసి పంపమనండి.

చివరిగా, ఎంపికలో మిగిలిపోయిన చేపల సంగతి. బూడిద రంగువి, తోక సరిగా లేనివి ఒక ట్యాంకులో మగవి మాత్రమే వేసి పెంచుకోవచ్చు, చక్కగా తిరుగుతాయి. మేడ మీద తామర తొట్టి ఉన్న పక్కింటివాళ్లకి నాలుగు ఇవ్వండి, దోమ లార్వాని తినిపెడతాయి. చెరువులో, వాగులో మాత్రం వదలొద్దు. మున్సిపాలిటీ వాళ్లు వదులుతున్నారు కదా అంటారు, నిజమే. కానీ మన చెరువుల్లో లార్వాని తినే దేశవాళీ చిన్నచేపలు ఎప్పటినుంచో ఉన్నాయి. నెలనెలా పిల్లలు పెట్టే ఈ చేప వాటి తిండికీ చోటుకీ పోటీ వస్తుంది.

వచ్చే వారం పిల్లచేపల మేత: బ్రైన్ ష్రింప్ గుడ్లని సీసాలో పొదిగించడం. ఈలోగా ఫోటోలు పంపేవాళ్లు ఆడచేపది కూడా పంపండి, ఎర్ర లైటు తీసేసి.